‘అమికబుల్ గ్రాంట్’: కానుక అనాలా, పన్ను అనాలా?

ట్యూడర్ వంశపు రాజుల కాలంలో, 1525లో, ఇంగ్లండు రాజు యుద్ధం కోసం పార్లమెంటు ఆమోదం లేకుండా ప్రజలను అడిగిన సొమ్ముకు ‘అమికబుల్ గ్రాంట్’ అని పేరు. దీన్ని అనువదించేటప్పుడు తెలుగులో ‘బలవంతపు వసూలు’ అని రాస్తే సరిపోతుందని కొందరంటారు. జరిగినదేమిటో ఆ మాట సరిగానే చెబుతుంది గాని, దానికి ఏ పేరు పెట్టి అడిగారో చెప్పదు. 1525లో గొడవంతా ఆ పేరు మీదే నడిచింది కనుక, ‘స్నేహపూర్వక కానుక’ అనడమే మేలని నా అభిప్రాయం.

అప్పటి రాజు ఎనిమిదో హెన్రీకి 1515 నుంచి ఛాన్సలరుగా, అంటే ముఖ్య మంత్రిగా, ఉన్న మతాచార్యుడు కార్డినల్ థామస్ వుల్సీకి పన్నుల సంగతి బాగా తెలుసు. 1334 నుంచి ఊరికింత అని స్థిరపడిపోయిన పాత పన్నులతో యుద్ధాల ఖర్చు గడవదు కాబట్టి, ఒక్కొక్కరి భూమి ఆదాయాన్నో సరుకునో కూలినో విలువకట్టి వేసే ‘సబ్సిడీ’ని ఆయన నిలదొక్కుకునేలా చేశాడు. (ఇప్పుడు మనం సబ్సిడీ అంటే ప్రభుత్వం ఇచ్చేది, అప్పుడది ప్రభుత్వం పుచ్చుకునేది. అనువదించేవారు ఇక్కడ పొరబడే ప్రమాదం ఉంది.) అయితే సబ్సిడీకి పార్లమెంటు ఆమోదం కావాలి. 1523లో ఆయన ఎనిమిది లక్షల పౌండ్లు అడిగితే సభ్యులు గట్టిగా ఎదురుతిరిగారు. 1525 ఫిబ్రవరిలో పావియా యుద్ధంలో ఫ్రాన్సు రాజు బందీ కాగానే, ఆ దేశంపై దండెత్తడానికి హెన్రీకి సొమ్ము కావలసివచ్చింది. ఈసారి వుల్సీ పార్లమెంటును పిలవలేదు. మతాచార్యుల నుంచి వారి ఆదాయంలోనో సరుకులోనో మూడో వంతు వరకు, తక్కినవారి నుంచి ఆరో వంతు వరకు ‘కానుక’గా రాబట్టమని అధికారులను పంపాడు.

లండన్ పౌరులు చట్టాన్నే ఎదురుపెట్టారు. ‘బెనెవలెన్స్’ (ఇష్టపూర్వక కానుక) పేరిట రాజు సొమ్ము గుంజుకోవడాన్ని అంతకుముందటి రాజు మూడో రిచర్డ్ 1484లోనే శాసనం ద్వారా నిషేధించాడని వారు గుర్తుచేయగా, రాజ్యాన్ని ఆక్రమించిన హంతకుడి శాసనాన్ని ఎలా చూపుతారని వుల్సీ కోప్పడ్డాడు. అతడు చెడ్డవాడైనా అతని కాలంలో మంచి చట్టాలు వచ్చాయని వారు బదులిచ్చినట్లు ఆనాటి వృత్తాంతకారుడు రాశాడు. స్టార్ ఛాంబర్ న్యాయస్థానంలో పేదల మొర ఆలకించి, చట్టం ప్రభువులకూ వర్తిస్తుందని చూపించిన వుల్సీకే చట్టం ఎదురు రావడం నన్ను చాలా ఆలోచింపజేసింది.

ఈ వసూలు భారంతో పనులు పోయిన నేత కార్మికులు సఫోక్ ప్రాంతంలోని లావెన్‌హామ్ దగ్గర వేల సంఖ్యలో గుమిగూడినప్పుడు, మీ నాయకుడెవరని నార్‌ఫోక్ డ్యూక్ అడిగాడు. పేదరికమే మా నాయకుడు, అతడూ అతని చుట్టం అవసరమూ కలిసి మమ్మల్ని ఇంతవరకు తెచ్చారు అని జాన్ గ్రీన్ అనే ఆయన జవాబిచ్చాడట. చివరికి రాజు వసూలును మాన్పించి, తిరగబడినవారిని క్షమించాడు.

‘నజరానా’ అంటే బాగుంటుందని అనిపించవచ్చు. అందులోనూ ఇవ్వక తప్పని కానుక అన్న అర్థం ఉంది. కాని నజరానా ఆనవాయితీగా సాగేది, ఇది ఒక్క యుద్ధం కోసం హఠాత్తుగా అడిగినది. అందువల్ల మొదటిసారి వచ్చినచోట ‘పార్లమెంటు ఆమోదం లేకుండా స్నేహపూర్వక కానుక పేరుతో అడిగిన సొమ్ము’ అని విడమరిచి, ఆ తరువాత ‘స్నేహపూర్వక కానుక’ అని కొటేషన్లలో వాడుకోవచ్చు.