వాదన బలం చూడటం పిల్లలకు ఎలా నేర్పుతున్నారు? (తొమ్మిదో తరగతి)

సోషల్ సార్:
ఆదోని వైపు జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను. పోయిన శనివారం ఆఖరి పీరియడ్‌లో చర్చ పెట్టాను: పిల్లల చేతికి ఫోన్ ఇవ్వచ్చా, కూడదా? ఒకడు లేచి "మా అన్న ఫోన్ చూసి చూసి టెన్త్ తప్పినాడు సార్" అన్నాడు. క్లాసంతా చప్పట్లు. మూడో బెంచీ అమ్మాయి మెల్లగా "ఫోన్ ఉండి పాసైనోళ్లు కూడా ఉండారు కదా" అంది. విన్న నలుగురూ నవ్వారు. చేతులెత్తమంటే వాడికి 31, ఆ పాపకి 4.

గొంతు పెద్దదైతే వాదన గట్టిదని వీళ్ల లెక్క. తమకు నచ్చిన మాటైతే కారణం ఎంత బలహీనంగా ఉన్నా పట్టదు. (నిజం చెప్పాలంటే, ఫోన్ విషయంలో నేనూ వాడి పక్షమే.) మీరు క్లాసులో చేసి చూసినవి చెప్పండి. ట్రైనింగుల్లో చూపించే పీపీటీలు మాత్రం వద్దు.

రిటైర్డ్ తెలుగు పండిట్:
తర్కం కొత్తగా నేర్చుకునేవాళ్ల కోసం అన్నంభట్టు రాసిన తర్కసంగ్రహంలోనే ఉంది సార్ మీకు కావలసింది. కొండ మీద పొగ ఉంది కాబట్టి నిప్పుంది, వంటింట్లో లాగా. ఇది నిలబడుతుంది. తిప్పి, నిప్పుంది కాబట్టి పొగ ఉంది అనండి. నిలబడదు. కొలిమిలో ఎర్రగా కాలిన ఇనుముకు పొగేదీ? నిప్పుకు తడి కట్టె తగిలితేనే పొగ.

పాడేరులో పనిచేసేటప్పుడు ఇంకోటి కలిపేవాణ్ణి. పొద్దున్నే కొండ మీద కనిపించేది పొగా, మంచా? పిల్లలు కిటికీ దగ్గరకు పరుగెత్తేవాళ్లు. అసలు హేతువు నిజమేనా అని ముందు చూసుకోవాలని వేరే చెప్పే పని ఉండేది కాదు.

మీవాడి మాటలో ఫోన్ నిప్పు, పరీక్ష తప్పడం పొగ. తడి కట్టె ఏదో అడగండి.

లెక్కల మేడం:
నేనైతే బోర్డు మీద నాలుగు గళ్లు గీస్తాను. ఫోన్ ఉండి తప్పినవాళ్లు, ఉండి పాసైనవాళ్లు, లేక తప్పినవాళ్లు, లేక పాసైనవాళ్లు. మీ క్లాసు చప్పట్లు కొట్టింది మొదటి గడిలో ఉన్న ఒక్క మనిషికి. ఖాళీ గళ్లు కనిపిస్తే వాళ్లే లేచి నింపుతారు.

ఆ చేతులెత్తించడం మానేయండి సార్. "ఒప్పుకుంటున్నావా?" ఒక చీటీ, "చెప్పిన కారణం సరిపోయిందా?" ఇంకో చీటీ. మొదటి రోజు అందరూ ఒప్పుకునే మాటకే చెత్త కారణం ఇస్తాను: చెట్లు నాటాలి, ఎందుకంటే హెచ్ఎం గారు చెప్పారు.

ఒక తండ్రి:
టీచర్ని కాదు. మావాడికి బళ్లో ఎవరో ఇది నేర్పారు. పిల్లి ఎదురొచ్చిందని వాళ్ల నానమ్మ గుమ్మంలో ఆగితే, "పిల్లి ఎదురురాని రోజు ఏం జరిగిందో రాసుకున్నావా?" అని అడిగాడు. ఆవిడ నాతో మాట్లాడటం లేదు.

సోషల్ సార్:
ఈ శనివారం గళ్లు గీశాను. మీ అన్న విషయంలో తడి కట్టె ఏదిరా అంటే వాడు కాసేపు బోర్డు వైపే చూసి, "సంక్రాంతి అయినాక ఇంట్లో అందరం గుంటూరు సైడు మిరపకాయలకి సుగ్గికి పోతిమి సార్. అన్న పరీక్షలకు వారం ముందు వచ్చినాడు" అన్నాడు. సుగ్గి అంటే మావైపు కోతపనులకు వలస పోవడం. సగం క్లాసుకు ఆ దారి తెలుసు. ఈసారి చప్పట్లు లేవు.

అక్కడితో ఆపుదామనుకుంటే మూడో బెంచీ అమ్మాయి చెయ్యెత్తింది. "సుగ్గికి పోయి పాసైనోళ్లు కూడా ఉండారు సార్. మా అక్కే."

మళ్లీ నాలుగు గళ్లు గీయాల్సొచ్చింది.