ఒత్తిడిలో ఏదో ఒకటి కొరకాలనిపించడం ఎందుకు?

దేవరకొండ నుంచి ఒక అభ్యర్థి: గ్రూప్-2 పరీక్షకు చదువుతున్నాను. లెక్క తెగని రాత్రుల్లో నాకు తెలియకుండానే పెన్ను మూత కొరుకుతున్నాను. ఇప్పటికి నాలుగు మూతలు నలిగిపోయాయి. దీనివల్ల మెదడుకు నిజంగా ఊరట దొరుకుతుందా, లేక వట్టి అలవాటేనా?

మహబూబ్‌నగర్ నుంచి జీవశాస్త్ర అధ్యాపకుడు: వట్టి అలవాటు కాదండి. ఒత్తిడి కలిగినప్పుడు మెదడులోని హైపోథాలమస్ ఇచ్చే సంకేతంతో పిట్యూటరీ, ఆపై అడ్రినల్ గ్రంథులు పనిచేసి రక్తంలోకి కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోను విడుదలవుతుంది. కదలకుండా కట్టి ఉంచిన ఎలుకలకు కొరుక్కోవడానికి చెక్కపుల్ల అందించినప్పుడు, ఆ తొలి సంకేతాన్ని మోసే హార్మోను హైపోథాలమస్‌లో తక్కువగా తయారైనట్లు జపాన్ పరిశోధకులు 2004లో గమనించారు. మనుషులతో చేసిన చూయింగ్ గమ్ ప్రయోగాల ఫలితాలు మాత్రం ఒక్కతీరుగా రాలేదు.

మర్రిగూడ నుంచి ఒక గృహిణి: మా వైపు ఫ్లోరైడ్ నీళ్లకు దెబ్బతిన్న పళ్లు తొందరగా పెచ్చులూడతాయి తమ్ముడూ, పెన్ను మూత కన్నా వేయించిన పల్లీలు మేలు. గుట్కాను మాత్రం ఈ లెక్కలో చేర్చుకోకు.

అభ్యర్థి: పల్లీలు తెచ్చుకుంటానక్కా. నిద్రలో పళ్లు నూరడం కూడా ఇందులోకే వస్తుందా సార్?

అధ్యాపకుడు: దానికీ ఒత్తిడితో సంబంధం ఉంది, కానీ దానితో పళ్లు అరుగుతాయి. ఉదయం లేవగానే దవడ పట్టేసినట్లుంటే దంతవైద్యుడికి చూపించుకోండి.