అయిదు వారాల కుక్కపిల్లలకు ఇప్పుడే టీకానా, ఎనిమిది వారాలు ఆగాలా?

ట్రంకురోడ్డు (కావలి)
శనివారం రాత్రి వానలో హైవే పక్కన తూము కింద అయిదు కుక్కపిల్లలు దొరికాయి. తల్లి లారీ కింద పడి రోడ్డు మీదే చనిపోయి ఉంది. రొయ్యల మేత సంచిలో వేసుకుని ఇంటికి తెచ్చాను. రెండు మగ, మూడు ఆడ. కళ్ళు తెరిచాయి, తూలుతూ నడుస్తున్నాయి, పళ్ళెంలో పోస్తే పాలు నాకుతున్నాయి. ఒకదానికి పొట్ట బుడగలా ఉంది. ఇక్కడి డాక్టరు గారు చూసి అయిదు వారాలు ఉండవచ్చు, ఎనిమిదో వారంలో తీసుకురా, అప్పుడు టీకా వేద్దాం అన్నారు. నెల్లూరులో ఉన్న స్నేహితురాలు ఈ రోజే వేయించమంటోంది. మా వీధిలో పోయిన నెల రెండు కుక్కలు రక్తవిరేచనాలతో పోయాయి. ఎవరి మాట వినాలి?

మూలాపేట (నెల్లూరు)
ఈ రోజే వేయించండి. ఆ రక్తవిరేచనాలు పార్వో, కుక్కపిల్లలను చంపే వైరసు జబ్బు. అది వీధిలో తిరుగుతోందని మీ మాటల్లోనే ఉంది. ఎనిమిదో వారం వచ్చేదాకా అది గుమ్మం బయట నిలబడుతుందా? రెండేళ్ళ క్రితం నా దగ్గర ఏడు పిల్లలు ఉండేవి. డాక్టరు ఆగమన్నారు, ఆగాను. ఏడో వారంలో ఒకటి పాలు ముట్టకుండా మూలకు చేరింది. సాయంత్రానికి వాంతులు, మర్నాటికి రక్తం. ఆ వాసన ఒకసారి ముక్కుకు తగిలితే మరిచిపోవడం ఉండదు. సెలైన్ ఎక్కించడానికి ముంజేతిలో నరం దొరకలేదు. తువ్వాలులో చుట్టి ఒళ్ళో పెట్టుకుని తెల్లవార్లూ కూర్చున్నాను. నాలుగు రోజుల్లో అయిదు పోయాయి.

విశ్రాంత కాంపౌండరు (ఒంగోలు)
పళ్ళు చూశావా నాయనా? అయిదు వారాలని దేన్ని బట్టి తేల్చారు? ముందుపళ్ళు మూడు, నాలుగు వారాలకు వస్తాయి, కోరలు ఇంచుమించు అప్పుడే. దవడ పళ్ళు నాలుగు నుంచి ఆరు వారాల మధ్య పొడుస్తాయి. చిగురు మీద వేలు పెట్టి తడిమి చూడు. నాలుగు వారాలు నిండని పిల్లకు బతికున్న వైరసుతో చేసిన టీకా వేయకూడదు. వయసు తేలకుండా సూది మాట ఎత్తవద్దు. పొట్ట బుడగలా ఉందంటే నట్టలు, అంటే పేగుల్లో పురుగులు. ముందు నట్టల మందు పోసి, వారం ఆగి, ఆ తర్వాతే టీకా. ముప్పయ్యొక్క ఏళ్ళు పశువుల ఆసుపత్రిలో చేసి చెబుతున్న మాట ఇది.

నిమ్మతోట
మా కుక్కకు ఏ టీకా వేయించలేదు. పన్నెండేళ్ళు బతికింది.

మూలాపేట
బతికింది కాబట్టి మీరు చెబుతున్నారు. చచ్చినవి వచ్చి ఇక్కడ రాయలేవు కదా.

బుచ్చి కుర్రాడు
తిరుపతిలో పశువైద్యం చివరి సంవత్సరం చదువుతున్నాను. పెద్దవాళ్ళ మధ్య దూరుతున్నందుకు క్షమించాలి.

పుట్టిన మొదటి రోజు తాగే ముర్రుపాలతో తల్లి ప్రతిరక్షకాలు పిల్లకు వస్తాయి. అవి ఒంట్లో ఉన్నంతకాలం జబ్బుతో పాటు టీకానూ అడ్డుకుంటాయి. తగ్గుతూ తగ్గుతూ ఒక దశలో జబ్బును ఆపలేనంత పలచబడతాయి, టీకాను చెడగొట్టేంత మాత్రం మిగిలే ఉంటాయి. పిల్లలు చచ్చేది ఎక్కువగా ఆ సందులోనే. అది ఏ పిల్లకు ఏ వారం వస్తుందో పైకి తెలియదు, ఒకే ఈత పిల్లల్లోనూ తేడా ఉంటుంది. అందుకే ఒక్క సూదితో సరిపెట్టరు. ప్రపంచ చిన్న జంతువుల పశువైద్య సంఘం చెప్పేది ఇది: ఇంట్లో పెరిగే పిల్లకు 6 నుంచి 8 వారాల మధ్య మొదలుపెట్టి, 2 నుంచి 4 వారాలకోసారి వేస్తూ, 16 వారాలు నిండాక ఒకటి తప్పకుండా పడేలా చూడాలి. ఆశ్రయాల్లో అయితే 4 వారాలకే మొదలుపెట్టి, 2, 3 వారాలకోసారి, 20 వారాల దాకా. ఒక్క డిస్టెంపర్ (కుక్కలకు వచ్చే మరో వైరసు జబ్బు), పార్వోలకే చేసిన పప్పీ డీపీ టీకా ఈ చిన్న వయసు కోసం ఉన్నదే. డాక్టరు గారి లెక్క తల్లి దగ్గర పెరిగే పెంపుడు పిల్లలది. మీ పిల్లల పరిస్థితి వేరు.

నట్టల మందు కోసం టీకా ఆపనక్కరలేదు సార్. రెండూ ఒకే రోజు ఇవ్వవచ్చు. చలికి వణుకుతున్న పిల్లకు మాత్రం ముందు ఒళ్ళు వెచ్చబరచాలి, ఆ తర్వాతే పాలైనా మందైనా.

విశ్రాంత కాంపౌండరు
ఆశ్రయం అంటే ఎక్కడెక్కడి కుక్కలనో తెచ్చి గుంపుగా ఉంచే చోటు. కావలిలో ఒక ఇంటి వరండా ఆశ్రయం ఎలా అవుతుంది?

బుచ్చి కుర్రాడు
పేరు ఏదైనా కానివ్వండి సార్. జబ్బు సోకే అవకాశం ఎంత ఉందన్నదే చూడాలి.

విశ్రాంత కాంపౌండరు
నువ్వే కదా ఆశ్రయం అన్నావు. నేను దానికే అడిగాను. ఆశ్రయం అవునా, కాదా?

మూలాపేట
అయ్యా, అక్కడ పిల్లలు పోతుంటే మీరు మాటకు అర్థాలు వెతుకుతున్నారు.

విశ్రాంత కాంపౌండరు
ఏ పిల్లా పోవడం లేదు, బాగా పాలు తాగుతున్నాయని అతనే రాశాడు. సరే, టీకా ఎక్కడి నుంచి తెస్తారో చెప్పండి. 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మందుల షాపులో కొని, మధ్యాహ్నం ఎండలో స్కూటరు డిక్కీలో వేసుకుని వచ్చిన వాళ్ళను నేను చూశాను. అది టీకా కాదు, నీళ్ళు. వేసినా వేయనట్టే, పైగా వేశామన్న ధీమా ఒకటి.

ట్రంకురోడ్డు
మా బావది రొయ్యల వ్యాపారం, థర్మోకోల్ పెట్టెలకు, ఐసుకు కొదవ లేదు. సీసా ఐసుకు ఆనితే ఇబ్బందా?

బుచ్చి కుర్రాడు
గుడ్డలో చుట్టి పెట్టండి, ఆననివ్వకండి. కొన్ని టీకాలు గడ్డకట్టినా చెడిపోతాయి. దానికంటే పిల్లలనే ఆసుపత్రికి తీసుకెళ్ళి, అక్కడి ఫ్రిజ్‌లోది వేయించడం మేలు.

ట్రంకురోడ్డు
సరే. పళ్ళు చూడబోతే నల్లపిల్ల నా వేలు కొరికింది. సూదుల్లా ఉన్నాయి. కొద్దిగా రక్తం వచ్చింది, పసుపు అద్దాను. కోరలైతే వచ్చినట్టే ఉన్నాయి.

కొత్తపట్నం గాలి
పసుపు కడిగేయండి. ధారగా పడే నీళ్ళలో సబ్బుతో పదిహేను నిమిషాలు కడిగి ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. తల్లికి ఏ టీకా ఉందో తెలియని పిల్లలు అవి. రక్తం వచ్చిందని తప్పకుండా చెప్పండి, రేబిస్ టీకాతో పాటు గాయం దగ్గర వేసే సీరం కూడా కావాలి. టీకా మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28 రోజులకు. కుక్కపిల్ల కదా అని వదిలేసేవాళ్ళే ఎక్కువ.

విశ్రాంత కాంపౌండరు
ఈ మొత్తం చర్చలో పనికొచ్చే మాట ఇదొక్కటే. వెళ్ళు నాయనా. కుక్కలకు రేబిస్ టీకా మూడో నెలలో. అది వేరే సూది, దీనితో కలిపి లెక్క వేయవద్దు.

మూలాపేట
మిగతా మాటలన్నీ పనికిరానివా? ఒక్కటి చెప్పండి. ఆగమని చెప్పేది మీరు. ఆగినందుకు గొయ్యి తవ్వేది ఎవరు? ఆ అయిదింటినీ పెన్న ఒడ్డున ఇసుకలో నా చేతులతో పాతిపెట్టాను. మీ ముప్పయ్యొక్క ఏళ్ళ అనుభవం ఆ రోజు ఎక్కడుంది?

నిమ్మతోట
గొడవ ఎందుకండీ.

విశ్రాంత కాంపౌండరు
నన్ను అనిపించుకునే వయసు దాటిపోయింది. అయినా అడిగారు కాబట్టి చెబుతాను.

పోయిన ఏడాది మా మనవడు కుక్కపిల్ల కావాలని ఏడిస్తే నెల్లూరులో వీధి కుక్కలను చేరదీసే ఒకావిడ దగ్గర తెచ్చారు. పిల్లతో పాటు కార్డు ఇచ్చారు. ఒక సూది, అయిదో వారంలో వేసినది. టీకా అయిపోయింది, ఇక భయం లేదు అన్నారట. నేను అప్పుడు ఊళ్ళో లేను. వచ్చి కార్డు చూసేసరికి పిల్లకు మూడు నెలలు నిండాయి, అదే రోజు వాంతులు మొదలయ్యాయి. నా చేతులతోనే సెలైన్ పెట్టాను. నాకు నరం దొరికింది. పిల్ల దక్కలేదు. పదేళ్ళ వాడు నన్నేమని అడిగాడో తెలుసా? తాతా, నువ్వు డాక్టరువి కాదా అని.

అయిదో వారంలో సూది వేస్తే విషమని నేను అనను. ఆ ఒక్క సూది చూపించి పిల్లను చేతులు దులిపేసుకుంటారే, నా కోపమంతా దాని మీద.

కొత్తపట్నం గాలి
మొదటే ఇది చెప్పి ఉంటే పళ్ళ లెక్క లేకుండా తేలిపోయేది.

విశ్రాంత కాంపౌండరు
పళ్ళ లెక్క ఎప్పటికైనా కావలసిందే.

మూలాపేట
ఆ పిల్ల గోధుమరంగుదా?

*(ఆ రోజు ఎవరూ జవాబు రాయలేదు.)*

మూలాపేట
సరే, చెప్పకండి. నేను మాత్రం ఒక మాట ఒప్పుకుంటాను. నా దగ్గర పిల్లలను తీసుకెళ్ళేవాళ్ళకు రెండో సూది, మూడో సూది తేదీలు కార్డు మీద రాసే ఇస్తాను. ఫోన్లు మాత్రం చేయను. చేసి అడిగితే, వేయించాం అక్కా అంటారు, గొంతులోనే తెలిసిపోతుంది వేయించలేదని. వేయించని వాళ్ళ దగ్గర నుంచి వెనక్కు తెచ్చుకోవడానికి నాకు చోటేది? అద్దె ఇల్లు. మూడు పిల్లలు దాటితే ఓనరు మెట్లెక్కి వస్తాడు. 16 వారాలు నిండేదాకా నా దగ్గరే ఉంచుకోవాలంటే ఏడాదికి ఒక ఈతనే తేగలను. మిగిలినవి తూము కిందే ఉండిపోతాయి. మీరు ఒక పిల్ల పూర్తి లెక్క అడుగుతున్నారు. నాకు ఇంకా ఎత్తుకురాని వాటి లెక్క కనిపిస్తోంది.

విశ్రాంత కాంపౌండరు
ఒకటే తెండి. ఆ ఒక్క ఈతనైనా నిలబెట్టండి.

మూలాపేట
మీరు తూము ముందు నిలబడి ఆ మాట అనండి.

బుచ్చి కుర్రాడు
ఒక చిన్న సంగతి. మేడం, ఆ ఏడు పిల్లలు ఉన్న గదిలోనే తర్వాతి ఈతనూ పెట్టారా? పార్వో వైరసు నెలల తరబడి నేల మీద బతికే ఉంటుంది. ఫినాయిల్‌కు చావదు. బట్టలకు వాడే బ్లీచ్ ఒక వంతుకు ముప్పై వంతుల నీళ్ళు కలిపి, ముందు మురికి కడిగేసి, ఆ తర్వాత పది నిమిషాలు తడిగా ఉంచాలి. మట్టినేల అయితే దానితోనూ నమ్మకం లేదు.

మూలాపేట
ఫినాయిలే వాడాను.

ట్రంకురోడ్డు
నా వేలికి రెండు సూదులు అయ్యాయి. గురువారం అయిదు పిల్లలకూ పప్పీ డీపీ వేయించాను. డాక్టరు గారు మొదట కాదన్నారు, వీధిలో పోయిన కుక్కల సంగతి వివరంగా చెబితే ఒప్పుకున్నారు. నట్టల మందు అదే రోజు పోశారు. పొట్ట పిల్లకు సేమియాల్లాంటివి పడ్డాయి, ఇప్పుడు పరుగెడుతోంది. వరండా బ్లీచ్‌తో కడిగాను. వీధి చెప్పులు గేటు బయటే వదులుతున్నాం. సూది పనిచేయడానికి కొన్ని రోజులు పడుతుందట, ఇప్పటికే ఒంట్లో జబ్బు ఉంటే ఆపలేదట. రోజూ పొద్దున్నే పిల్లల కంటే ముందు వాటి దొడ్డి చూస్తున్నాను.

లెక్క వేస్తే 16 వారాలు శివరాత్రికి, 20 వారాలు ఉగాదికి నిండుతాయి. మా ఇల్లు సొంతమే, కానీ అమ్మ సంక్రాంతి దాకానే అంటోంది. రెండు పిల్లలను ఉగాది దాకా ఉంచుకునేవాళ్ళు ఎవరైనా ఉన్నారా? సూదుల ఖర్చు నాది.

కాంపౌండరు గారూ, నిన్న డాక్టరు గారి దగ్గర పిల్లల నోరు తెరిపించి చూశాను. ముందుపళ్ళు పైన ఆరు, కింద ఆరు. నాలుగు కోరలు. వెనుక దవడ పళ్ళు కింద రెండే, అవీ చిగురు మీద తెల్లగా చుక్కల్లా.

విశ్రాంత కాంపౌండరు
అయితే అయిదు వారాలే. ఆడవి రెండు పంపు. కార్డులో మిగిలిన గళ్ళు ఖాళీగానే ఉంచు, నేను రాసుకుంటాను.