వార్షికోత్సవానికి పిల్లల వాలంటీర్ టీం: ఎవరికి ఏ పని?

నిర్వాహక బృందం నుంచి:
అందరికీ నమస్కారం. ఈసారి పిల్లల్ని స్టేజీ మీద ఆడిపాడడానికే కాకుండా పనిలోకి కూడా దింపుదామని పోయిన మీటింగులో అనుకున్నాం కదా. పేర్లు బాగానే వస్తున్నాయి. కాకపోతే చాలామంది "ఏదో ఒకటి చేయించండి" అని రాశారు. అక్కడే వస్తోంది చిక్కు. టీషర్టు తొడిగి గుమ్మం దగ్గర ఊరికే నిలబెడితే అరగంటలో ఫోన్లు తీస్తారు. తప్పు వాళ్లది కాదు. వాళ్లు చేయకపోతే ఆగిపోయే పని అప్పగించాలి.

నాకు తోచింది చెప్తాను. పదేళ్లలోపు వాళ్లు పెద్ద పిల్లలతో జతగా ప్రోగ్రాం కాగితాలు పంచుతారు, పెద్దవాళ్లకి సీట్లు చూపిస్తారు. గంటకి మించి వద్దు. పదకొండు నుంచి పదమూడేళ్ల వాళ్లకి పోయిన వస్తువుల టేబుల్ పూర్తిగా వదిలేద్దాం. ఏది ఎక్కడ, ఎన్నింటికి దొరికిందో నోటుబుక్కులో రాసుకుంటారు. "ఆ నల్ల గొడుగు నాదే" అనగానే ఇచ్చేయకుండా, పిడి ఎలా ఉంటుందో అడిగి ఇస్తారు. అడిగింది అధ్యక్షులవారైనా సరే! అంతకంటే పెద్ద పిల్లలు తెర వెనక ఉండి, తర్వాతి ఐటం వాళ్లని వరసలో నిలబెడతారు.

రిజిస్ట్రేషన్ టీం నుంచి:
బాగుంది అక్కా. డబ్బు ముట్టుకునే పని మాత్రం ఏ పిల్లాడికీ వద్దు, లెక్క తేడా వస్తే వాడి మీదికి పోతుంది. గంటకిన్ని పాయింట్లు, ఎక్కువ వచ్చినవాళ్లకి గిఫ్ట్ కార్డు అని పెడితే ఇంకా ఎగబడి వస్తారేమో?

ఒక వాలంటీర్ తల్లి నుంచి:
గిఫ్ట్ కార్డు వద్దండీ. వార్నెకెన్, టొమసెల్లో అనే పరిశోధకులు 20 నెలల పిల్లలతో చేసిన ప్రయోగం 2008లో వచ్చింది. సాయం చేసిన ప్రతిసారీ ఏదో ఒక వస్తువు అందుకున్న పిల్లలు, అది ఆగిపోయాక సాయం తగ్గించేశారట. మెచ్చుకోలు మాత్రమే దక్కినవాళ్లు, ఏమీ దక్కనివాళ్లు తగ్గించలేదు. మన పిల్లలు అంత చిన్నవాళ్లు కాదు, నిజమే. అయినా పాయింట్ల బోర్డు పెడితే నోటుబుక్కు వదిలేసి బోర్డే చూస్తారని నా అనుమానం.

మా మేనల్లుడు ఉండే కెనడాలోని ఆంటారియోలో హైస్కూల్ డిప్లొమాకి 40 గంటల సేవ తప్పనిసరి, అమెరికాలోని మేరీల్యాండ్‌లో 75. మన దగ్గర అలాంటి రూలు లేదు కాబట్టి గంటల టెన్షన్ లేదు. ఎవరైనా స్కూలు కోసం ఉత్తరం అడిగితే ఇద్దాం, ముందే ఊరించొద్దు.

నిర్వాహక బృందం నుంచి:
సరే, పాయింట్లు లేవు. పని అయ్యాక "థాంక్యూ బేటా" అని సరిపెట్టకుండా, నువ్వు కాగితాలు ముందే సర్దావు కాబట్టి మొదటి గంట గడబిడ లేకుండా గడిచింది అని విడమరిచి చెబుదాం.

ఇంకో రెండు మాటలు. ప్రతి చోటా ఇద్దరు పెద్దవాళ్లు ఉండాలి, ఒక్కరే పిల్లలతో ఉండకూడదు. ఫోటోలకి తల్లిదండ్రుల అనుమతి ముందే తీసుకోవాలి. బరువైన కుర్చీలు, స్పీకర్ల జోలికి పిల్లల్ని పంపొద్దు.

షిఫ్టుల పట్టిక పిల్లలే వేసుకోవాలి. శనివారం సాయంత్రం నాలుగింటికి పిల్లల్ని తీసుకురండి. ఫారంలో "నచ్చిన పని" అన్న గడి మాత్రం దయచేసి మీరు నింపకండి.

రిజిస్ట్రేషన్ టీం నుంచి:
మా వాడు నల్ల గొడుగు పనే కావాలంటున్నాడు. రాసుకోండి.