సమస్యాపూరణం: ఎలుక గడప దాటకయె వేరింటఁ దిరిగె

నిర్వాహకుడు: కవిమిత్రులకు నమస్కారం. ఈసారి తేటగీతి. సమస్య ఇదీ:

*ఎలుక గడప దాటకయె వేరింటఁ దిరిగె*

యతి (పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరంతో ఉండాల్సిన పొత్తు) తప్పిందని తొందరపడకండి. నాలుగో గణం 'రింట'గా కనబడుతున్నా అది వేరు + ఇంట. ఇకారానికి ఎకారంతో మైత్రి ఉంది. నిబంధన ఒక్కటే: ఎలుక బొరియలోది కాదు, చేతి కిందిది. పక్కనున్న రెండో కంప్యూటరు తెరను అదనపు మానిటరుగా వాడుకోవడమే విషయం.

మౌసుమిత్ర:

రెండు కంప్యూటరుల మధ్య నొండె మౌసు
అంచు తాకిన క్షణమున నవలి దరికి
నెట్టువర్కున మాయగా నెగిరి దూకి
యెలుక గడప దాటకయె వేరింటఁ దిరిగె

నిర్వాహకుడు: నడక బాగుంది. మొదటి పాదంలో రెండు, నొండె ప్రాసయతి (రెండో అక్షరాల పొత్తు) ముచ్చటగా కుదిరింది. కానీ మూడో పాదంలో ఎలుక చేత దూకించేశారు! దూకాక 'దాటకయె' ఎలా నిలుస్తుంది? ముడి అంతా ఆ మాటలోనే ఉంది. మీరు వర్ణించింది 'మౌస్ వితౌట్ బోర్డర్స్' లాంటి సాఫ్ట్‌వేర్ పని. అక్కడ మౌసు, కీబోర్డు ఉమ్మడి, కాపురాలు వేరు. ఇటున్న బ్రౌజర్ విండోను అటు ఈడ్చి చూడండి, అంచు దగ్గరే ఆగిపోతుంది.

మౌసుమిత్ర: ఒప్పుకోనండీ. బాణం అవతలి తెర మీద కనబడుతూనే ఉంది కదా. చూసేవాడికి తేడా ఏముంది?

తీగలరాయుడు: ఆ వాదం తేలేలోపు నాదీ చూడండి.

తీగ రెండింటి నడుమనుఁ దీర్చి పెట్టి
వేచి చూచితి నొక రేయి వెలుగు కొఱకు
తెరయె లేదని పలికెను దెలుపుఁ డెటుల
యెలుక గడప దాటకయె వేరింటఁ దిరిగె

నిర్వాహకుడు: సమస్యను ప్రశ్నగా తిప్పడం పాత ఎత్తే, చెల్లుతుంది. యతులన్నీ సరిపోయాయి. విషయం కూడా నిజమే. మామూలు ల్యాప్‌టాప్‌కు ఉండే హెచ్‌డీఎంఐ పోర్టు బొమ్మను బయటికి పంపేదే తప్ప లోపలికి తీసుకునేది కాదు. రెండు ల్యాప్‌టాప్‌లను ఆ తీగతో కలిపితే ఇద్దరూ మాట్లాడేవాళ్లే, వినేవాడు లేడు. దీనికి మినహాయింపులు కొద్ది. 2009 నుంచి 2014 మధ్య వచ్చిన కొన్ని ఐమ్యాక్‌లలో 'టార్గెట్ డిస్‌ప్లే మోడ్' ఉండేది, వాటిని తీగతో నేరుగా మానిటరుగా వాడుకునేవారు. మీ పద్యం అక్కడిదాకా వెళ్లలేదు, వెళ్లనవసరమూ లేదు.

గణగణ: మౌసుమిత్ర గారి ప్రశ్నకు నా జవాబు పద్యంలోనే:

లేని తెరనుఁ గల్పించి యా లెక్కఁ జూపి
అందు గీసిన బొమ్మల నణచి చుట్టి
పొరుగు గాజున విప్పినఁ బొలుపు మీఱ
నెలుక గడప దాటకయె వేరింటఁ దిరిగె

నిర్వాహకుడు: ముడి విప్పారు! 'లెక్కఁ జూపి' దగ్గర కాసేపు ఆగాలనిపించింది. మానిటరు తగిలించగానే తన కొలతలు, రిజల్యూషన్లు కంప్యూటరుకు చెప్పుకుంటుంది. ఆ చిట్టా పేరే ఈడీఐడీ. మానిటరే లేని చోట డ్రైవరు అనే చిన్న సాఫ్ట్‌వేర్ ఉత్తుత్తి చిట్టా ఒకటి చూపిస్తుంది, విండోస్ నిజమని నమ్మి ఆ తెర మీద బొమ్మ గీస్తుంది. ఆ బొమ్మ వీడియోగా మారి పొరుగు కంప్యూటరుకు చేరుతుంది. 'అణచి చుట్టి' కూడా అలంకారానికి వేసింది కాదు. 1920×1080 తెరను సెకనుకు 60 సార్లు, చుక్కకు 24 బిట్ల చొప్పున యథాతథంగా పంపాలంటే సెకనుకు దాదాపు 3 గిగాబిట్లు. మామూలు వైఫై మోయలేదు, అందుకే హెచ్.264 లాంటి కోడెక్‌తో, అంటే వీడియోను కుదించే పద్ధతితో, కుదించాలి.

మౌసుమిత్ర గారూ, తేడా ఇదే. ఇక్కడ బాణం మొదటి కంప్యూటరు జ్ఞాపకంలోనే తిరుగుతోంది. పొరుగింట కనబడేది దాని వీడియో. గడప నిజంగానే దాటలేదు.

మౌసుమిత్ర: సరే, నా ఎలుకను వెనక్కి పిలుచుకుంటాను. మరి వీడియో అయితే ఆలస్యం ఉండాలే?

గణగణ: ఉంటుంది. దాని మీదా ఒకటి:

చేయి కదలినఁ గదలదు చిత్ర మేమొ
కొంత యాలోచనము సేసి కులికి కులికి
గాలి తరఁగల పైఁ దేలి గమ్య మంది
యెలుక గడప దాటకయె వేరింటఁ దిరిగె

నిర్వాహకుడు: 'కులికి కులికి' అనుభవించి రాసినట్టుంది. 'గమ్య మంది' మాత్రం పాదం నింపడానికి వచ్చింది. వైఫై బదులు రెండింటినీ ల్యాన్ తీగతో కలిపితే కులుకు చాలావరకు తగ్గుతుంది, రిజల్యూషన్ తగ్గించినా తగ్గుతుంది. చదువుకునే పేజీలకు, చాట్‌కు ఆ తెర హాయి. ఆటలకు పనికిరాదు.

పలకబలపం: కొత్తవాణ్ణి, దిద్దగలరు.

పాత ల్యాపుటాపును నేను తెరగఁ జేసి
కొత్త దానికిఁ గుడివైపుఁ గూర్చినంత
చేయి చాపక రెంటను జేసితిఁ బని
యెలుక గడప దాటకయె వేరింటఁ దిరిగె

నిర్వాహకుడు: మొదటి పాదంలో పా, తె లకు యతి కుదరదు. 'తెరగఁ జేసి' తీసి 'పలకఁ జేసి' అనండి, గణమూ చెడదు. మీ పేరూ పద్యంలోకి వస్తుంది.

పలకబలపం: ధన్యవాదాలండీ. ఇంతకీ ఎలా కలపాలి? రెండూ విండోసే.

గణగణ: పాతదాని సెట్టింగ్స్‌లో 'ఆప్షనల్ ఫీచర్స్' కింద 'వైర్‌లెస్ డిస్‌ప్లే' వేసుకుని, 'ప్రొజెక్టింగ్ టు దిస్ పీసీ'లో అనుమతి ఇవ్వండి. కొత్తదానిలో విండోస్ మీటతో కె నొక్కితే పాతదాని పేరు కనబడుతుంది. కలిశాక విండోస్ మీటతో పి నొక్కి 'ఎక్స్‌టెండ్' ఎంచుకోండి, లేకపోతే రెండు తెరల మీదా ఒకే బొమ్మ వస్తుంది. రెండింటి వైఫై చిప్పులూ మిరాకాస్ట్‌కు (తెరను వైఫై మీద పంపే పద్ధతికి) ఒప్పుకోవాలి, లేదంటే స్పేస్‌డెస్క్ లాంటి సాఫ్ట్‌వేర్ వాడుకోండి. మ్యాక్‌ల వాళ్లకు 2021 నాటి మాంటెరే అనే మ్యాక్ఓఎస్ వెర్షన్ నుంచి, కొత్త మోడళ్లలో, యాపిల్ వారి ఎయిర్‌ప్లే ఈ పని చేస్తోంది.

పలకబలపం: మధ్యలో పాతది నిద్రపోతే?

గణగణ: తెర ఊడిపోయిందనుకుని విండోస్ అక్కడివన్నీ మొదటి తెర మీదికి లాగేస్తుంది. ముందే దాని స్లీప్ ఆపి పెట్టండి.

నిర్వాహకుడు: పూరణలు ఇంకా పంపవచ్చు. ఎలుక చేత దూకించకండి.