‘స్వబుద్ధిని ఆధారము చేసికొనక’ (సామెతలు 3:5): బుద్ధిని వాడకూడదనా?

ప్రశ్న: సభ్యులందరికీ వందనాలు. మేము చెన్నై పెరంబూరులో ఉంటాము. మా ఇంటి కూడికలో ఒక సహోదరుడు ‘నీ స్వబుద్ధిని ఆధారము చేసికొనక నీ పూర్ణహృదయముతో యెహోవాయందు నమ్మకముంచుము’ అన్న వాక్యాన్ని చదివి, షుగరు మాత్రలు వేసుకోవడం కూడా స్వబుద్ధిని ఆధారం చేసుకోవడమేనని, బైబిలులోని యూదా రాజు ఆసా అలా వైద్యులను పట్టుకొనే చనిపోయాడని చెప్పారు. అది విన్నప్పటి నుంచి మా అమ్మగారు మాత్రలు మానేస్తానంటున్నారు. ఇక్కడ ‘ఆధారము’ అంటే ఏమిటో పెద్దలు వివరించగలరని మనవి.

మొదటి జవాబు: అమ్మా, ముందుగా మీ అమ్మగారిని మాత్రలు మాననివ్వకండి, ఈ వాక్యం అలా చెప్పడం లేదు. హెబ్రీ మూలంలో ఇక్కడున్న క్రియకు ఒకదాని మీద ఒరిగి బరువంతా మోపడమని అర్థం. తెలివి కోసం మొఱ్ఱపెట్టమని, ‘యెహోవాయే జ్ఞానమిచ్చువాడు’ అని దీని ముందరి అధ్యాయమే చెబుతోంది గనుక, బుద్ధిని పక్కన పెట్టమనడం సామెతల గ్రంథం ఉద్దేశం కాజాలదు.

ఆసా సంగతికి వస్తే, అదే క్రియ అతని చరిత్రలోనూ ఉంది. మన తెలుగు బైబిలులో అక్కడ ‘నమ్ముకొను’ అని ఉండడం వల్ల ఆ సంబంధం మనకు కనబడదు. కూషీయుడైన జెరహు దండెత్తి వచ్చినప్పుడు ‘నిన్నే నమ్ముకొని’ అని దేవునికి మొఱ్ఱపెట్టిన ఆసా (2 దినవృత్తాంతములు 14), ఏళ్లు గడిచాక ఇశ్రాయేలు రాజు బయెషా యూదావారి రాకపోకలు ఆపడానికి రామా పట్టణాన్ని కట్టిస్తుంటే, దేవుని మందిరపు వెండి బంగారాలు తీసి సిరియా రాజు బెన్హదదుకు పంపి అతని సాయం కొనుక్కున్నాడు. ఆ ఉపాయం పారింది కూడా: బయెషా పని మానుకున్నాడు, అతడు తెచ్చుకున్న రాళ్లతో, దూలాలతోనే ఆసా తన పట్టణాలు కట్టించుకున్నాడు. అయినా దీర్ఘదర్శి హనానీ వచ్చి, నీవు యెహోవాను నమ్ముకొనక సిరియా రాజును నమ్ముకొన్నావని గద్దించాడు. నాకు ఈ అధ్యాయంలో అన్నిటికన్నా భయం కలిగించేది ఇదే. ఎందుకంటే పని చెడినప్పుడు దేవుని వైపు తిరగడం మనకు ఎలాగూ తప్పదు గాని, మన ఉపాయం చక్కగా నెరవేరినప్పుడు మన బరువు ఎవరి మీద ఉన్నదో మనకే తెలియదు. ఆసాకు పాదాల జబ్బు వచ్చింది ఆ తరువాత (2 దినవృత్తాంతములు 16). అక్కడున్న మాట ‘యెహోవాయొద్ద విచారణ చేయక వైద్యులను పట్టుకొనెను’ అని. తప్పు ఆ వాక్యం మొదటి సగంలో ఉంది.

దీని పక్కన మరో యూదా రాజు హిజ్కియాను పెట్టి చూడండి (2 రాజులు 20). మరణకరమైన రోగం వచ్చినప్పుడు అతడు గోడతట్టు తిరిగి కన్నీళ్లతో ప్రార్థించాడు, దేవుడు పదిహేనేళ్ల ఆయుష్షు వాగ్దానం చేశాడు, ఆ వెంటనే ప్రవక్త యెషయా అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి పుండు మీద వేయించాడు. వాగ్దానం అందిన తరువాత కూడా మందు వేయించినది ప్రవక్తే గనుక, మందును అవిశ్వాసమనడానికి మనకు అధికారం లేదు.

రెండవ జవాబు: అన్నగారి మాటకు మన తెలుగు క్రైస్తవుల చరిత్ర నుంచి ఒకటి చేరుస్తాను. మైలాపూరులో లోకల్ రైలు ఎక్కితే పట్టాల కింద కనబడే బకింగ్‌హామ్ కాలువను చాలామంది మురికి కాలువగానే ఎరుగుదురు. 1876–78 కరవులో ఒంగోలు మిషనరీ జాన్ క్లౌ దొరగారు ఆ కాలువ తవ్వకంలో ఒక భాగాన్ని కాంట్రాక్టుకు తీసుకొని, ఆకలితో ఉన్నవారికి పని, కూలి ఇప్పించారు. అయితే కరవు సహాయం సాగినంత కాలం బాప్తిస్మాలు ఆపివేశారు. సంఘం కూలి డబ్బుల మీద నిలబడకూడదని ఆయన పట్టుదల. సహాయం ముగిసిన తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లిలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం పొందారు.

మీ అమ్మగారికి నెహెమ్యా 4:9 కూడా చదివి వినిపించండి. అక్కడ యెరూషలేము గోడ కట్టేవారు శత్రువుల భయంలో దేవునికి ప్రార్థన చేశారు, రాత్రింబగళ్లు కావలి కూడా ఉంచారు. ఆ రెండూ ఒకే వాక్యంలో ఉన్నాయి.