చదివినవాళ్లందరూ "బాగుంది" అని ఊరుకుంటున్నారు, పుస్తకం గురించి మాట మొదలయ్యేదెలా?

ప్రశ్న: లంక టీచరు, కోనసీమ

అందరికీ నమస్కారం. గౌతమి పాయను ఆనుకుని ఉన్న ఒక ఊళ్లో ముప్పై ఏళ్లు తెలుగు చెప్పి, రెండేళ్ల కిందట పదవీ విరమణ చేశాను. మా ఊరి శాఖా గ్రంథాలయంలో ప్రతి నెలా రెండో ఆదివారం సాయంత్రం పది పన్నెండు మందిమి కూర్చుంటున్నాం. ఇద్దరు రైతులు, కొబ్బరి ఒలుపు పనికి వెళ్లే ఒకాయన, ఇంట్లో కుట్టుమిషను పెట్టుకున్న ఒక అమ్మాయి, డిగ్రీ చదువుతున్న ముగ్గురు పిల్లలు, ఇంకొందరు వస్తారు. ఆకుకూరలు అమ్ముకునే ఒకావిడ చదువు రాకపోయినా వినడానికి వచ్చి గోడవారగా కూర్చుంటారు.

ఇంతవరకు నాలుగు పుస్తకాలు చదివాం. మొదట కందుకూరి వీరేశలింగం గారి "రాజశేఖర చరిత్రము" తీసుకున్నాను. 1878లో పత్రికలో ధారావాహికగా మొదలై 1880లో పుస్తకంగా వచ్చిన నవల అది. పైగా మన ధవళేశ్వరంలో నడిచే కథ. మా పొలాలకు నీళ్లు వచ్చేదే ధవళేశ్వరం ఆనకట్ట నుంచి కదా, ఆ ఊరి పేరు చూస్తేనే అందరికీ మాట వస్తుందనుకున్నాను. అందరూ చదివారు. "ఎలా ఉందండీ?" అని అడిగితే ఒకరి తరువాత ఒకరు "బాగుందండీ" అన్నారు. ఆ తరువాతి మూడు పుస్తకాలకూ అదే జరిగింది. ఇక నేనే ముప్పావుగంట మాట్లాడి, టీ తాగి ఇళ్లకు వెళ్లిపోతున్నాం.

వాళ్లు చదవడం లేదనుకోవడానికి వీల్లేదు. తిరిగి వచ్చిన పుస్తకం తెరిచి చూస్తే కొబ్బరి ఈనె ముక్క గుర్తుగా పెట్టిన చోటు కనిపిస్తుంది. ఒక ప్రతిలో ఒకే పేజీ అంచు బాగా నలిగి, వేలిముద్ర పడి ఉంది, అంటే అక్కడ ఎవరో చాలాసేపు ఆగారన్నమాట. ఆ పేజీలో వారికి ఏం తోచిందో తెలుసుకోవాలని నాకు ఎంత ఆశగా ఉంటుందో చెప్పలేను. ఉద్యోగంలో చేరిన కొత్తలో రోజూ పంటు మీద గోదావరి దాటి బడికి వెళ్లేదాన్ని. తోటి ఉపాధ్యాయురాలు ఒకరు, నేను రాత్రి చదివిన కథ గురించి ఆ పంటు మీదే వాదించుకునేవాళ్లం. రేవు వచ్చి సైకిళ్లన్నీ దిగిపోయినా మా మాట తెగేది కాదు. నేను ఒక్కదాన్నే చదివినప్పుడు మామూలుగా దాటిపోయిన వాక్యం ఆమె నోట విన్నాక మరో రంగులో కనిపించేది. ఆ సంతోషం మా ఊరివాళ్లకూ దక్కాలని నా కోరిక. అనుభవం ఉన్నవారు దారి చెప్పవలసిందిగా వేడుకుంటున్నాను.

సమాధానం: గ్రంథపాలకుడు, తణుకు దగ్గర

టీచరు గారికి నమస్కారం. పుస్తకాల మధ్య ఇరవై రెండేళ్లుగా ఉద్యోగం చేస్తున్న చనువుతో రాస్తున్నాను, తప్పుగా అనుకోవద్దు. "ఎలా ఉంది?" అన్న ప్రశ్నే మాటను ఆపేస్తోందని నా అభిప్రాయం. మీరు ఆ ఊళ్లో సగం మందికి పాఠం చెప్పినవారు. మీరు అలా అడగగానే ఎదుటివారికి మళ్లీ తరగతి గదిలో లేచి నిలబడినట్టు ఉంటుంది. "బాగుంది" అనేది తప్పు కావడానికి వీలులేని జవాబు కనుక అదే చెప్పి కూర్చుంటారు. అభిప్రాయం అడగడం మాని, పుస్తకంలోని ఒక వస్తువునో ఒక లెక్కనో ఒక నిర్ణయాన్నో వాళ్ల ముందు పెట్టి చూడండి.

మా దగ్గర జరిగిన సంగతి ఒకటి చెబుతాను. శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారి "వడ్లగింజలు" చదివాం. శాస్త్రి గారిది అనపర్తి దగ్గర పొలమూరు. కథ నడిచేది పెద్దాపురంలో. చదరంగపు పలక మీద మొదటి గడికి ఒక గింజ, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు, అలా అరవై నాలుగు గళ్లకూ రెట్టిస్తూ వడ్లు ఇప్పించమని ఒక కుర్రవాడు ప్రభువును కోరిన లెక్క ఆ కథకు ఆయువుపట్టు. మా సభ్యుల్లో రైసుమిల్లు గుమాస్తాగా పనిచేసిన ఒక పెద్దాయన ఉన్నారు. ఆరు నెలలుగా నోరు విప్పని మనిషి. ఆ ఆదివారం ఆయన చేతిసంచీలోంచి గుప్పెడు వడ్లు తీసి స్టీలు పళ్లెంలో పోసి, "వెయ్యి గింజలు లెక్కపెట్టండి" అన్నారు. నలుగురం వంగి కూర్చుని పదేసి చొప్పున విడదీసి లెక్కపెట్టాం. పక్కనున్న కంసాలి కొట్టు నుంచి తెచ్చిన కాటా మీద అవి సుమారు ఇరవై గ్రాములు తూగాయి.

అక్కడి నుంచి ఆయన నోటిలెక్క చూడాలి! మొదటి పది గళ్లూ కలిపి గుప్పెడు గింజలు. ఇరవై రెండో గడి దాటేసరికి డెబ్బై అయిదు కిలోల బస్తా నిండి పొర్లిపోయింది. పలకలో సగం, అంటే ముప్పై రెండు గళ్లకు, దాదాపు 86 టన్నులు. బస్తాల్లో చెప్పాలంటే పదకొండు వందల పైమాట. "ఎకరానికి ముప్పై అయిదు బస్తాలు పండినా ముప్పై మూడెకరాల పంట. ఇంకా సగం పలక మిగిలే ఉంది" అన్నారాయన. అరవై నాలుగో గడి దాకా వెళితే దేశమంతా వెయ్యేళ్లు పండించినా తీరని బాకీ అది. ఆ లెక్క అయ్యాక గది ఒక్క నిమిషం నిశ్శబ్దమైపోయింది. తరువాత అందరూ ఒకేసారి మాట్లాడారు. అంత తెలివి ఉండీ ఆ కుర్రవాడు తిండికీ గుర్తింపుకూ ఎందుకు తిరగవలసి వచ్చిందని ఒకరు, ఆడిన మాట తీర్చలేని ప్రభువును చూసి జాలిపడాలా అని ఒకరు. వడ్డీ లెక్క తెలిసినవాడికి ఈ కథ కొత్తగా అనిపించదని మరొకరు అన్నారు. ఆ మాటతో అప్పుల సంగతి వచ్చింది. రాత్రి ఎనిమిదిన్నర దాకా తాళం వేయలేకపోయాను.

మీరు మొదట తీసుకున్న నవల విషయంలో ఒక్క మాట. పుస్తకం మంచిదే. అయితే ధవళేశ్వరం కొండ, గుడి వర్ణనతో మొదలయ్యే ఆ గ్రాంథికం కొత్తవారిని గడపలోనే నిలబెట్టేస్తుంది. బంగారం చేస్తానని నమ్మించి ఇంట్లో ఉన్నదంతా ఊడ్చుకుపోయే బైరాగి ఘట్టాన్ని ముందు చదివి ఉంటే బాగుండేది. రెట్టింపు చేస్తామంటే డబ్బు కట్టి పోగొట్టుకున్నవారు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు, ఆ బైరాగిని వాళ్లు ఇట్టే గుర్తుపడతారు. పుస్తకాన్ని మొదటి పేజీ నుంచే మొదలుపెట్టాలన్న నియమం చర్చకు అక్కరలేదు.

అన్నిటికంటే ముఖ్యం, పైకి చదవండి. అక్షరాలు రానివారికి పుస్తకాలూ పత్రికలూ చదివి వినిపించడం గ్రంథాలయోద్యమం నాటి నుంచీ మనకున్న అలవాటే. ఆ ఉద్యమానికి ఊపిరిపోసిన అయ్యంకి వెంకటరమణయ్య గారు మన కొంకుదురులో పుట్టినవారు, 1914లో బెజవాడలో ఆంధ్రదేశ గ్రంథాలయ సంఘం ఏర్పడటానికి కారకులు. గోడవారగా కూర్చునే ఆవిడ గురించి మీరు రాశారు. ఆవిడ చెవినపడేలా చదివితే తక్కినవాళ్లు కూడా మరోలా వింటారు.

సమాధానం: దాళ్వా రైతు, అమలాపురం దగ్గర

పైన పెద్దలు చెప్పినది చాలా బాగుంది. అయినా ఒక విషయంలో నేను వారితో ఏకీభవించలేను. మాట్లాడనివారిని ఎలాగైనా మాట్లాడించాలన్న తొందర అక్కరలేదని నాకు అనిపిస్తుంది. కొన్ని కథలు చదివాక మనిషికి కాసేపు ఊరుకోవాలనే ఉంటుంది. ఆ మౌనాన్ని నెల తిరిగేలోపు జవాబుగా మార్చమనడం న్యాయం కాదు.

మా బృందంలో పాలగుమ్మి పద్మరాజు గారి "గాలివాన" చదివినప్పుడు ఇదే జరిగింది. 1952లో ప్రపంచ కథానికల పోటీలో రెండో బహుమతి పొందిన కథ కనుక చాలామందికి పేరు తెలుసు. జీవితమంతా సూత్రాల ప్రకారం బతికిన రావుగారు తుఫాను రాత్రి ఒక చిన్న రైలు స్టేషనులో చిక్కుకుపోవడం, రైలులో అడుక్కునే ఒక స్త్రీ తప్ప తోడు లేకపోవడం, ఆమె ఇచ్చిన వెచ్చదనంతోనే ఆయన ఆ చలిని తట్టుకోవడం, గాలి వెలిశాక ఆమె చనిపోయి కనిపించడం, ఆమె దగ్గర ఆయన పర్సు దొరకడం, ఇదీ కథ. ఆ రోజు చదవడం ముగిశాక ఎవరూ ఒక్క మాటా అనలేదు. లేచి ఇళ్లకు వెళ్లిపోయాం.

దానికి కారణం బయటివారికి తెలియకపోవచ్చు. 1996 నవంబరు 6 రాత్రి మా కోనసీమ మీద విరుచుకుపడిన తుఫానును చూసినవాళ్లం మేం. నాకప్పుడు పదిహేనేళ్లు. బడి భవనంలో వంద మందికి పైగా తలదాచుకున్నాం. పెంకులు లేచిపోతున్న చప్పుడు, కొబ్బరిచెట్లు విరిగి పడే చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. మామూలు రోజుల్లో ఒకరి అరుగు మీద ఒకరు కూర్చోనైనా కూర్చోని మనుషులు ఆ రాత్రి ఒకే గోనెపట్టా కింద ఒకరినొకరు ఆనుకుని వణికారు. తెల్లారి చూస్తే తోటలో నిలబడిన చెట్టు లేదు. మళ్లీ కాపు చూడటానికి ఏళ్లు పట్టింది.

నెల గడిచాక మళ్లీ కలిసినప్పుడు, ఎవరూ అడగకుండానే, మాలో పెద్దవాడైన ఒకాయన మొదలుపెట్టారు. "ఆ రాత్రి మా నాన్న పట్టుకున్న చెయ్యి ఎవరిదో తెల్లారాక కానీ చూడలేదు. చూశాక ఆయన చెయ్యి తీసేశాడు. రావుగారు తీయలేదు" అన్నారు. ఇన్నేళ్లలో ఆ కథ గురించి నేను విన్న మాటల్లో ఇంతగా నన్ను కదిలించినది మరొకటి లేదు. ఆ మాటకు నెల రోజులు కావలసి వచ్చింది. కనుక, అక్కగారూ, ఒకే కథను రెండు నెలలు వరుసగా పెట్టి చూడండి. మొదటి నెల చదవడానికి మాత్రమే, రెండో నెల వచ్చిన మాట వినడానికి.

మరొక సంగతి. మా ఊళ్లో ఊడ్పుల రోజుల్లో, కోతల రోజుల్లో సమావేశం పెట్టం. దాళ్వా, అంటే రెండో పంట, కోతలు అయి కాలువలు కట్టేసిన వేసవి రోజుల్లో మాత్రం వారానికొకసారి కలుస్తాం. రైతు ఒళ్లు అలిసి ఉన్నప్పుడు "బాగుంది" అన్నా, దానికి అర్థం ఇంటికి వెళ్లి పడుకోవాలనే.

సమాధానం: భీమవరం కోడలు

టీచరమ్మగారూ, ఆదివారం సాయంత్రం అంటే ఆడవాళ్లకు వంటింటి వేళ. మీ దగ్గరికి వచ్చే ఆ కుట్టుమిషను అమ్మాయి గడియారం చూస్తూ కూర్చుంటోందేమో ఒకసారి గమనించండి. మేం ఆరుగురం తోడికోడళ్లమూ ఇరుగుపొరుగువాళ్లమూ మధ్యాహ్నం రెండింటికి కలుస్తాం. ఎవరూ అభిప్రాయం చెప్పనక్కరలేదు, నచ్చిన ఒక్క వాక్యం పైకి చదివితే చాలు. అదే వాక్యం ఇద్దరు చదివిన రోజున ఇక మా మాటలకు అంతుండదు. రాలేనివారు తమ వాక్యాన్ని ఫోనులో మాటగా పంపుతారు. ఒకామె పంపిన దానిలో వెనక కుక్కరు కూత వినిపించింది, దాన్ని కూడా అందరం ఇష్టంగా విన్నాం.

తిరిగి లంక టీచరు

మీ ముగ్గురికీ ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదు. రెండు నెలలు ఆగి రాస్తున్నాను. సమావేశాన్ని మధ్యాహ్నానికి మార్చాను. కుర్చీల వరుస తీసేసి అందరం చాప మీద కూర్చున్నాం. "గాలివాన"ను తలా రెండు పేజీలు పైకి చదివాం, డిగ్రీ పిల్లలతో మొదలుపెట్టించాను. రైతుగారు చెప్పినట్టే మొదటి నెల ఏ ప్రశ్నా అడగలేదు. ముప్పై ఏళ్ల అలవాటు కదా, అడగకుండా ఉండటానికి నేను పడిన అవస్థ నాకే తెలుసు.

నిన్న రెండో సమావేశం జరిగింది. నేను పుస్తకం ఇంకా తెరవకముందే ఆకుకూరల ఆవిడ, "అమ్మగారూ, ఆ మనిషి పర్సు తీసింది ఆయనకు సాయం చేశాకా, అంతకు ముందేనా?" అని అడిగారు. ఎవరూ వెంటనే జవాబు చెప్పలేకపోయారు. ముందే తీసి ఉంటే ఆ తరువాత ఆయనకు ఇచ్చిన వెచ్చదనానికి ఒక అర్థం, తరువాత తీసి ఉంటే మరో అర్థం అని ఆవిడే వివరించారు. కొబ్బరి ఒలుపు పనికి వెళ్లే ఆయన ఒప్పుకోలేదు. ఎప్పుడు తీసినా ఆకలి ఆకలే, చలి చలే, ఆ రెంటినీ ఒకదానితో ఒకటి తూచకూడదని గట్టిగా అన్నారు. కుట్టుమిషను అమ్మాయి పుస్తకం లాక్కుని వెనక్కి తిప్పి ఆ చోటు వెతికి, ఒక్కో వాక్యం దగ్గర వేలు పెట్టి రెండుసార్లు పైకి చదివింది. రెండోసారి చదువుతున్నప్పుడు ఆకుకూరల ఆవిడ కళ్లు మూసుకుని విన్నారు.

ఆ ఇద్దరికీ ఇంకా సమ్మతి కుదరలేదు. గ్రంథాలయం నుంచి బయటికి వచ్చి కాలువ గట్టు దాకా వాదించుకుంటూనే వెళ్లారు. వచ్చే నెల "వడ్లగింజలు" చదువుదామని నేను అంటే, ఇంకొక్కసారి ఇదే కథ పెట్టమని నలుగురు అడిగారు. పెడుతున్నాను.